తీసేసిన చప్పుడు

స్టూడియోలో నన్ను 'చెవిగారు' అంటారు. ఎవరో వెటకారానికే మొదలుపెట్టి ఉంటారు. నేను మాత్రం దాన్ని బిరుదు కింద తీసుకుని తల ఎగరేసుకుని తిరిగేవాణ్ణి. నా పని చప్పుళ్ళు కడగడం. ఎవరెవరో ఎక్కడెక్కడో రికార్డు చేసి తెచ్చిన మాటల వెనక ఫ్యాన్లు తిరుగుతుంటాయి, మోటార్లు రొదపెడుతుంటాయి, కుక్కలు మొరుగుతుంటాయి. వాటన్నిటినీ తీసేసి మాటల్ని మాత్రం మిగల్చాలి. బట్టలకి డ్రైక్లీనింగ్ ఎలాగో మాటలకి నేను అలాగ.

ఇంత పేరున్న చెవులు ఇంట్లో దేనికీ పనికిరావని మా ఆవిడ అభిప్రాయం. అది వట్టి అభిప్రాయం కాదు, సాక్ష్యాలున్నాయి. ఒకరోజు పొద్దున ఆవిడ స్కూలుకి తయారవుతూ, పొయ్యి మీద పాలున్నాయి, కట్టేయండి అని చెబుతూనే ఉందట. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆ సమయంలో నేను పక్కింటి టీవీ వెనక నుంచి వస్తున్న సన్నటి గుయ్‌మనే మోతని పట్టుకుని, వాళ్ళ వైరింగులో లోపముందని గోడకి చెవి ఆనించి తేల్చే పనిలో ఉన్నాను. పాలన్నీ పొయ్యి పాలయ్యాయి.

"పక్కింటి వైరు మాట వినపడుతుంది, పెళ్ళాం మాట వినపడదు" అంది ఆవిడ, పొయ్యి తుడుస్తూ.

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు, శాస్త్రం విప్పాను. "చెవి సంగతి నీకు తెలీదు. పెద్ద మోతలోకి వెళ్ళామనుకో, లోపల ఒక చిన్న కండరం బిగుసుకుని తలుపు ఓరగా వేసేస్తుంది. నిశ్శబ్దంలోకి వస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. అయితే వేసుకున్నంత తొందరగా తెరుచుకోదు, రోజంతా మోతలో ఉండి వచ్చిన చెవి తేరుకోవడానికి చాలా టైము పడుతుంది. ఇంకో సంగతి. ఎప్పుడూ ఒకేలా వచ్చే చప్పుడుని మనసు పక్కన పెట్టేస్తుంది. మన ఫ్రిజ్ ఉంది కదా, రోజంతా మోగుతూనే ఉంటుంది. మనకి వినపడుతోందా?"

ఆవిడ గుడ్డ పిండి ఆరేసింది. "అంటే నా గొంతు మీకు ఫ్రిజ్ అయిపోయిందన్నమాట."

శాస్త్రంలో దానికి సమాధానం లేదు.

నిజం చెప్పాలంటే చెవి ఆవిడది. ఒకటో తరగతి టీచరు. గదినిండా పిల్లలు ఒకేసారి అరుస్తున్నా, చివరి వరసలో ఎవడో బలపం కొరుకుతున్న చప్పుడు ఆవిడకి వినపడుతుంది. మా ఇంటి కింద రేకు డబ్బాలు చేసే షెడ్డు ఉంది. ఆ దబదబల మధ్యనే కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుతుంది. నేనేమో ఇంట్లో కూడా చెవుల్లో దూది పెట్టుకుని, 'ఇవి వృత్తి పనిముట్లు' అని చెప్పుకుంటూ తిరుగుతాను.

అలాంటి రోజుల్లో మా బావమరిది ఒక పాత క్యాసెట్ పట్టుకొచ్చాడు. రుమాల్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చాడు.

"బావా, ఇందులో నాన్న గొంతు ఉంది. ఉన్నది ఇదొక్కటే" అన్నాడు. "బాబాయి ఒకసారి టేప్‌రికార్డర్ తెచ్చినప్పుడు చేసింది. ఎంత మోత ఉన్నా నువ్వు తీసేస్తావు కదా?"

నేను అల్లుణ్ణయ్యేసరికి మా అత్తగారూ మామగారూ ఇద్దరూ లేరు. వాళ్ళని నేను ఫొటోల్లో చూడడమే గానీ గొంతులు ఎరగను. మామగారు బస్సు కండక్టరు. ఇంజను మోత మీద మాట్లాడి మాట్లాడి, ఇంట్లో ఉప్పు అందించమన్నా వెనక సీటు వాళ్ళకి వినపడేలా అడిగేవాడట. మంచి మాటకారి. కథలు చెబితే వీధిలో పిల్లలంతా చెవులు కోసుకునేవాళ్ళట. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టేది. ఆవిడ గురించి ఇంట్లో అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పగా నేను వినలేదు.

"అక్క ఏడో ఎక్కం కూడా ఇందులోనే ఉంది బావా. అప్పుడు దానికి ఐదేళ్ళు కూడా లేవు. ఎవరూ అందించకుండా మొత్తం అప్పజెప్పేసిందట. నాన్న పోయేదాకా అందరికీ అదే చెప్పుకునేవాడు."

మా ఆవిడ క్యాసెట్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నాన్న గొంతు ఒక్కసారి వినాలనుంది" అంది.

"అత్తయ్యగారి గొంతు కూడా ఉంటుందేమో" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అమ్మదెందుకుంటుంది? అమ్మంటే మిషనే. మేమేం చెప్పినా ఊఁ అనేది, కాలు మాత్రం ఆగేది కాదు. నేను స్కూల్లో ఫస్టొచ్చానని చెబితే, ఆ దారం ఉండ ఇలా ఇవ్వు అంది." ఆవిడ నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూస్తే ఆ దారం ఉండ ఇంకా ఆవిడ చేతిలోనే ఉన్నట్టనిపించింది.

మర్నాడు స్టూడియోలో క్యాసెట్ పెట్టాను. టేపుకి వయసైపోయింది. తిరుగుతూనే గోధుమరంగు పొడి రాల్చుకుంటూ చివరిదాకా ఒక్కసారి పాడింది. ఆ ఒక్కసారే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. రెండోసారి పెడితే గరగర తప్ప ఏమీ రాలేదు. అంటే మామగారి గొంతు ఇక నా కంప్యూటర్లోనే ఉంది. ఇలాంటి బాధ్యత మీద పడితే బుద్ధిమంతుడికి చేతులు వణుకుతాయి. నాకు మీసం మెలేయాలనిపించింది.

మామగారి గొంతు ఖణీమని ఉంది. గొడుగు పోగొట్టుకున్న కాకి కథ ఏదో చెబుతున్నాడు. దాని వెనక కుట్టుమిషన్. టకటకటకటక. కథ మొదటినుంచీ అదే మోత. దాన్ని తీసేయడానికి కూర్చున్నాను. మోత ఒకే తీరుగా ఉంటే తీయడం తేలిక, దాని నమూనా ఒకటి పట్టుకుని ఇలాంటిదంతా తీసెయ్యమని కంప్యూటర్‌కి చెప్పొచ్చు. ఈ మిషన్ అలా కుదురుగా ఉండి చావదు. నడుస్తుంది, ఉన్నట్టుండి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ అందుకుంటుంది. అది ఆగిన ప్రతిచోటా నా లెక్క తప్పి, పని మళ్ళీ మొదటికొచ్చేది. "కుడితే కుట్టాలి, లేకపోతే మానాలి, ఈ ఆగడాలేమిటి" అని ఎన్నడూ చూడని అత్తగారి మీద విసుక్కున్నాను. అల్లుడి హోదా ఆ విధంగా మొదటిసారి వాడుకున్నాను.

సాయంత్రానికి మిషన్ మాయమైంది. టేపు సుయ్‌మనే చప్పుడు కూడా పోయింది. మామగారు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. మధ్యలో చిన్నపిల్ల గొంతుతో మా ఆవిడ ఏడో ఎక్కం. ఏడు ఎనిమిదుల దగ్గర కాస్త తడబడి ఆగింది, అంతలోనే యాభై ఆరు అనేసింది. "చూశారా, ఎవరూ చెప్పకుండానే చెప్పేసింది" అని మామగారు బస్సంతా వినపడేలా మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, ముఖ్యంగా నన్ను చూసుకుని.

మా పనిలో ఒక పద్ధతుంది. తీసేసిన చప్పుడుని వెంటనే పారెయ్యం. దాన్ని విడిగా ఒక ఫైలుగా పెట్టుకుని, మొదటినుంచీ వింటాం. మాట ముక్కలేమైనా దాంతోపాటు కొట్టుకుపోయాయేమోనని. 'చెత్త వినడం' అంటాం దాన్ని. ఆరోజు నేనూ చెత్త విన్నాను. టీ తాగుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని బావమరిదికి నా గొప్పలు చెప్పుకుంటూ, పొద్దుటినుంచీ టకటకలతో మొద్దుబారిన చెవులతో విన్నాను. మాట ముక్కలేమీ లేవని తేల్చేశాను. ఆ ఊపులోనే శుభ్రమైన ఫైలుని తీసుకెళ్ళి అసలు ఫైలు మీద సేవ్ చేశాను. అసలు దాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేది నేనే. అది వాళ్ళకి.

ఆదివారం మా ఇంట్లో అందరం కూర్చున్నాం. అందరూ అంటే మా ఆవిడ, బావమరిది, నేను. తలుపులూ కిటికీలూ మూసి, స్పీకర్లు సర్ది, గొంతు సవరించుకుని మరీ మొదలుపెట్టాను. మామగారు మాట్లాడడం మొదలుపెట్టగానే బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. "నాన్న ఇక్కడే కూర్చున్నట్టుంది బావా" అన్నాడు. నేను వినయంగా కనిపించడానికి తల దించుకున్నాను.

మా ఆవిడ మాత్రం ఏదో వెతుకుతున్నట్టు స్పీకర్ల వంక చూస్తోంది. ఏడో ఎక్కం వచ్చింది, వెళ్ళింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

"మిషన్ ఏదండీ?" అంది.

"తీసేశాను. మొత్తం. పిసరంత కూడా మిగల్లేదు."

"ఎందుకు తీశారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "అది మోత. మోత తీయడమే కదా పని."

"ఇది మా ఇల్లులా లేదు. నాన్న ఎక్కడో ఖాళీ గదిలో ఒక్కడూ కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంది." ఆవిడ గొంతు తగ్గించి అంది. "మిషన్‌తో ఉన్నది ఉంది కదా, అది పెట్టండి."

క్యాసెట్ పొడి అయిపోయిందని, అసలు ఫైలు మీద కొత్తది సేవ్ చేశానని చెప్పాను. చెబుతూ చెబుతూ నా గొంతు నాకే వినపడనంత తగ్గిపోయింది. బావమరిది, పోనీలే అక్కా, నాన్న గొంతు ఉంది కదా అన్నాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టింది, చొక్కా ఇస్త్రీ చేసింది, మాట మాత్రం లేదు. ఇక్కడే నా శాస్త్రం నా మొహాన కొట్టింది. ఎప్పుడూ మోగే చప్పుడు వినపడదని చెప్పాను గానీ, అది ఆగితే ఎంత పెద్దగా వినపడుతుందో చెప్పలేదు. ఫ్రిజ్ మోగుతోంది, షెడ్డులో రేకులు మోగుతున్నాయి, వాటన్నిటి మధ్యా ఆవిడ గొంతు లేకపోవడం ఒక్కటే నాకు వినపడుతోంది. నాకు భయమేసింది. ఈ గొంతు ఒకనాడు నిజంగానే ఆగిపోతే నా దగ్గర ఏముంటుంది, శుభ్రమైన నిశ్శబ్దం తప్ప?

ఆ భయంలో అప్పుడు తట్టింది, చెత్త ఫైలు. ఈ పని చేసే ఎవడికైనా తక్షణం తట్టాల్సిన సంగతి. తీసేసింది, మిగిలింది, రెండూ కలిపితే అసలుదే కదా. నాకే ఇంత ఆలస్యంగా తట్టింది. పైగా ప్రతి సోమవారం మా ఓనరు చెత్త ఫైళ్ళన్నీ చెరిపించేస్తాడు. ఆరోజు సోమవారమే.

స్టూడియోకి పరిగెత్తాను. చెత్త ఫోల్డరు అద్దంలా ఖాళీగా ఉంది. కుర్చీలో కూలబడ్డాను. నా కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే, కరెంటు బిల్లుల పక్కన 'కొత్తది కొత్తది' అనే పేరుతో అది కనపడింది. పెట్టాల్సిన చోట పెట్టకుండా, పెట్టాల్సిన పేరు పెట్టకుండా బద్ధకించాను కాబట్టి బతికిపోయింది. నా జీవితంలో నా బద్ధకానికి దండం పెట్టుకున్నది ఆరోజే.

దాన్ని ఫోన్లో వేసుకున్నాను గానీ, వెంటనే ఇంటికి వెళ్ళే అదృష్టం లేదు. రాళ్ళు పిండి చేసే క్రషర్ దగ్గర రికార్డింగు ఉందని ఓనరు నన్ను అక్కడికి తోలాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా దుమ్ము, చెవుల నిండా హోరు. ఫోను మా ఆవిడ చేతిలో పెట్టి, "మిషన్ ఉంది. మీ నాన్నగారు లేరు, మిషన్ ఒక్కటే" అన్నాను.

ఆవిడ వంటింటి గట్టు మీద ఫోను పెట్టి, దానికి దగ్గరగా వంగింది. కింద షెడ్డులో రేకులు కొడుతూనే ఉన్నారు. ఆ చిన్న ఫోన్లోంచి టకటకలు వస్తుంటే ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. మధ్యలో చటుక్కున నిటారుగా అయింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది.

"ఇక్కడ ఎవరో మాట్లాడారు."

"మాట ముక్కలేం లేవు. నేను చెక్ చేశాను."

"టీ తాగుతూనా?"

ఈ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో నేను అడగలేదు. చెవి పెట్టి విన్నాను. మిషన్ ఆగింది. తరవాత సుయ్‌మని టేపు చప్పుడు, అంతే. నా చెవుల్లో ఇంకా రాళ్ళు పగులుతున్నాయి. ఆవిడ కళ్ళు చూస్తే కాదనబుద్ధి కాలేదు.

"ఆఁ, వినపడింది" అన్నాను.

"ఏమంది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడకి కోపం రాలేదు, అదే ఎక్కువ బాధేసింది. ఫోను ఆపి, నెమ్మదిగా చెప్పింది. "నాకు వినపడింది. కానీ నాకు వినాలని ఉంది కాబట్టి వినపడిందేమో. మీరు అమ్మ గొంతు ఎప్పుడూ వినలేదు. మీకూ వినపడితే అది ఉన్నట్టే. ఏమందో నేను చెప్పను. మీరే చెప్పాలి."

నా చెవులకి ఇంతవరకూ ఎవరూ ఇంత పెద్ద పని అప్పగించలేదు. మర్నాడు ఆవిడకి సెలవు. ఆ పొద్దంతా ఎవరితోనూ మాట్లాడకుండా, హారన్లు తగలకుండా సందుల్లోంచి నడిపించుకుని స్టూడియోకి తీసుకెళ్ళాను. రికార్డింగు గదిలో ఇద్దరం కూర్చుని మందపాటి తలుపు వేసుకున్నాం. ఆ గదిలో మొదట ఏమీ వినపడదు, చెవులు మూసేసినట్టుంటుంది. ఆవిడకి ఆ నిశ్శబ్దం అలవాటు లేక ఊపిరి బిగబట్టి కూర్చుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి చెవిలో హోరు సన్నబడింది. తరవాత నా ఊపిరి వినపడింది. తరవాత ఆవిడ ఊపిరి. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్న ఊపిరి, అందులో చివర చిన్న ఈల ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ వేలి ఉంగరం గాజుని తాకిన చప్పుడు కూడా వినపడ్డాక, ఫైలు పెట్టాను.

టకటకటకటక. మిషన్ ఆగింది. టేపు సుయ్‌మంటోంది. ఆ సుయ్‌మనడంలోనే, అదే రంగులో, ఎవరో గొంతు లేకుండా ఊపిరితో పలికారు. గుసగుస. గుసగుసకీ టేపు చప్పుడుకీ కంప్యూటర్‌కి తేడా తెలీదు. రెండూ గాలే దానికి. అందుకే రెండింటినీ కలిపి ఊడ్చేసింది.

"యాభై ఆరు" అన్నాను.

మా ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

రెండు ఫైళ్ళనీ పక్కపక్కన పెట్టి కలిపాను. ఐదేళ్ళు కూడా నిండని పిల్ల, ఏడు ఏడులు నలభై తొమ్మిది అంది. ఏడు ఎనిమిదులు అంది. ఆగింది. మళ్ళీ ఏడు ఎనిమిదులు అంది. మిషన్ దగ్గర్నుంచి ఎవరికీ వినపడకుండా, ఒక్క ఆ పిల్లకే వినపడేలా, యాభై ఆరు. వెంటనే పిల్ల గట్టిగా యాభై ఆరు. ఎవరూ చెప్పకుండానే చెప్పేసిందని మామగారు. ఎక్కం మొత్తం అయ్యాక గానీ మిషన్ మళ్ళీ నడవలేదు.

తెర మీద మిషన్ ఆగిన ఖాళీలన్నీ కనపడుతున్నాయి, నేను తిట్టుకుంటూ పూడ్చిన గోతులు. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి విన్నాం. కాకి కథలో మామగారు ఎంత పెద్ద మలుపు తిప్పినా మిషన్ ఆగలేదు. మధ్యలో ఈ పిల్ల, "కాకికి రెక్కలున్నాయి కదా, గొడుగెందుకు?" అని అడిగినప్పుడు ఆగింది. పిల్ల దగ్గినప్పుడు ఆగింది. పిల్ల నోరు తెరిచిన ప్రతిసారీ ఆగింది.

"కాలు ఆగేది కాదనుకున్నాను" అంది మా ఆవిడ. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను." ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ వినని సంగతీ నేను పారేసిన సంగతీ ఒకటే కాబట్టి ఇద్దరం కలిసి ఏడవడానికి వీలుగానే ఉంది.

అసలుదాన్ని మళ్ళీ కలిపి, మోతతో సహా బావమరిదికి పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏంటి బావా, మిషన్ మళ్ళీ వచ్చేసింది? నువ్వు చేసింది పాడైపోయిందా?"

మా ఆవిడ ఫోను లాక్కుంది. "నువ్వు తలుపులేసుకుని కూర్చో. ఏడో ఎక్కం దగ్గర ఊపిరి కూడా తీయకుండా విను. విన్నాక మాట్లాడు" అని పెట్టేసింది.

ఆ తరవాత నా చెవుల్లో మార్పేమైనా వచ్చిందా అంటే, ఆవిడ పిలిస్తే మొదటి పిలుపుకే పలుకుతున్నానని నేనంటాను. మూడో పిలుపుకి అని ఆవిడంటుంది. ఈ విషయంలో ఎవరి చెవులు నమ్మాలో ఇప్పుడు మీకే తెలుసు.

నిన్న సాయంత్రం నేను గిన్నెలు కడుగుతున్నాను. ముందుగదిలో ఆవిడ పుస్తకాలు దిద్దుకుంటూ ఆ టేపు పెట్టుకుంది. కింద రేకుల మోత, ఇక్కడ కుళాయి ధార, అక్కడ మిషన్ టకటక. చిన్నపిల్ల ఎక్కం మొదలుపెట్టింది. దాంతోపాటు మా ఆవిడ కూడా పైకే అప్పజెప్పడం మొదలుపెట్టింది, రోజూ క్లాసులో చెప్పే ఎక్కమే. ఏడు ఏడులు నలభై తొమ్మిది. ఏడు ఎనిమిదులు అని, అక్కడ ఆగింది.

నేను కుళాయి కట్టేశాను.